మెదడు స్కానింగ్ కంటే ముందు పేర్ల జాబితా కావాలి

సంపాదకులకు నమస్కారాలు.

2001 సెప్టెంబరు 11 దాడిలో కూలిన న్యూయార్క్ జంట భవనాల శిథిలాల్లో పనిచేసిన సహాయక సిబ్బందికి ఎమ్మారై తీసి, డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముప్పును ముందుగా పసిగట్టే ప్రయత్నం జరుగుతోందన్న వార్తను గత వారం మీరు ఆరోగ్య పేజీలో నాలుగు వాక్యాలతో సరిపెట్టి, దాని పక్కనే కాకరకాయ రసం మహిమకు అర పేజీ కేటాయించారు. అగ్నిమాపక ఉద్యోగం చేసి రిటైరైన నాకు ఆ నాలుగు వాక్యాలు చాలలేదు సరికదా, ఒక్క స్కానింగ్‌తో భవిష్యత్తు తెలిసిపోతుందన్నట్టు మీరు పెట్టిన శీర్షిక చూసి కోపం కూడా వచ్చింది. రేపు ఏదో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ‘మెదడు ప్యాకేజీ, పండుగ తగ్గింపు’ అని ప్రకటన ఇవ్వకపోతేనే ఆశ్చర్యపోవాలి.

స్టోనీ బ్రూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2024లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 60 ఏళ్లు దాటని 5,010 మంది సహాయక సిబ్బందిని ఏళ్ల తరబడి గమనించగా, 228 మందికి 65 ఏళ్లు నిండకముందే డిమెన్షియా వచ్చింది. ఆ వయసులో అది చాలా అరుదుగా రావలసిన జబ్బు. శిథిలాల దుమ్ము అంతగా తగలనివారిలో, మాస్కులు, రక్షణ దుస్తులు వాడినవారిలో ఏటా వెయ్యి మందికి ఆరుగురి లోపే దాని బారిన పడగా, అందరికంటే ఎక్కువగా దుమ్ములో మునిగినవారిలో ఆ సంఖ్య నలభై దాటింది. అంతకుముందే అదే విశ్వవిద్యాలయం వారు మెదడు చిత్రాలు తీసి చూసినప్పుడు, జ్ఞాపకశక్తి తగ్గినవారిలో మెదడు పైపొర పలచబడిన జాడలు కనిపించాయి. అయితే ఇవి పదుల మందిని పదుల మందితో పోల్చినప్పుడు తేలే తేడాలు. ఒక్క మనిషి ఫిల్మును వెలుతురుకు పట్టుకుని, ‘నీకు ఫలానా ఏడు మతిమరుపు వస్తుంది’ అని చెప్పగల వైద్యుడు ఇంకా పుట్టలేదు.

ఈ మాత్రమైనా తెలియడానికి కారణం ఎవరు ఎన్నాళ్లు, ఏ దిబ్బ మీద, ముఖానికి ఏం కట్టుకుని పనిచేశారో రాసిపెట్టుకోవడమే కానీ, యంత్రం గొప్పతనం కాదు. న్యూయార్క్ అగ్నిమాపక సిబ్బందికి 2001కి ముందు నుంచే ఊపిరితిత్తుల పరీక్షలు జరిగేవి కాబట్టి, ఆ దుమ్ము వారి ఊపిరిని ఎంత తగ్గించిందో లెక్క కట్టగలిగారు. మెదడుకు అలాంటి పాత చిత్రాలు లేకపోవడం వల్లనే ఈనాటికీ ఇంత తర్జనభర్జన. అలాగని అక్కడి అధికారులు శుద్ధపూసలేమీ కారు. భవనాలు కూలిన వారానికే, 2001 సెప్టెంబరు 18న, అక్కడి పర్యావరణ సంస్థ అధిపతి గాలి పీల్చడానికి సురక్షితమేనని ప్రకటించారు. అంత ధీమాగా చెప్పడానికి తగిన ఆధారాలు అప్పటికి లేవని ఆ సంస్థ అంతర్గత తనిఖీ విభాగమే 2003లో తేల్చింది. భవనాలు కూలిన రోజు 343 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోతే, తర్వాత సంబంధిత జబ్బులతో పోయినవారి సంఖ్య 2023 నాటికి దానితో సమానమైంది. వైద్య సహాయ చట్టం 2011లో గానీ రాలేదు, దాన్ని 2090 వరకు పొడిగించింది 2015లో. మళ్లీ 2025లో ఆ చట్టం కింద నడిచే వైద్య కార్యక్రమ సిబ్బందిలో కొందరిని తొలగించి, గగ్గోలు పుట్టాక వెనక్కి తగ్గారు. అయినా వారికి కొట్లాడుకోవడానికి ఒక చట్టం, ఒక రిజిస్టరు ఉన్నాయి.

ఇక మన సంగతి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్ నరాల వ్యవస్థ మీద పనిచేసే రసాయనమని విషయం తెలిసినవారెవరైనా చెబుతారు. రోడ్ల మీద స్పృహ తప్పి పడినవారిని భుజాన వేసుకుని తెచ్చిన పోలీసుల, అగ్నిమాపక సిబ్బంది, ఊరి కుర్రవాళ్ల పేర్లు, వారు అక్కడ గడిపిన గంటలు ఎక్కడైనా ఒక్కచోట రాసి ఉన్నాయా? ఉన్నాయని ఏ అధికారి అయినా చూపిస్తే ఈ ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటాను. ప్రశంసాపత్రాలు పంచిన జాబితా చూపితే మాత్రం కుదరదు.

నేను పనిచేసిన ఒక స్టేషనులో బీఏ సెట్లు (పొగలో ఊపిరి పీల్చుకోవడానికి వీపున తగిలించుకునే గాలి సిలిండర్లు, మాస్కులు) స్టోరులో తాళం కింద ఉండేవి, తనిఖీ రోజున మాత్రం తుడిచి వరుసగా పేర్చేవారు. మిగతా రోజుల్లో మాకు తడి తువ్వాలే మాస్కు. ఏటా జరిగే వైద్య పరీక్షలో ‘నరాల వ్యవస్థ’ అన్న గడిలో ‘నార్మల్’ అని రబ్బరు ముద్ర మేము లోపలికి వెళ్లకముందే పడి ఉండేది. మాతో పనిచేసిన ఒక డ్రైవరుగారు అరవై రాకముందే తాను రోజూ తిరిగిన వీధిలో దారి తప్పితే, ఇంట్లోవాళ్లు వయసు మీద నెట్టేశారు. అది పొగ వల్లనే అని నేను అనడం లేదు. కాదని చెప్పడానికి కూడా ఎవరి దగ్గరా కాగితం ముక్క లేదన్నదే నా బాధ.

కాబట్టి అందరికీ ఎమ్మారైలు తీయమని నేను అడగడం లేదు. అగ్నిమాపక, విపత్తు స్పందన దళాల్లో చేరిన రోజునే పావుగంటలో అయిపోయే జ్ఞాపకశక్తి పరీక్ష ఒకటి చేసి దాచండి, ప్రతి పెద్ద ప్రమాదం తర్వాత ఎవరు ఎంతసేపు లోపల ఉన్నారో రాయండి, రిటైరయ్యాక కూడా రెండేళ్లకొకసారి పిలిచి చూడండి. తేడా కనిపించినవారికి స్కానింగ్ ప్రభుత్వ ఖర్చుతో తీయించండి. మీ విలేకరి ఒకరు సమాచార హక్కు చట్టం కింద రెండు రాష్ట్రాల్లోనూ ఇవే ప్రశ్నలు అడిగి, వచ్చిన జవాబులను ఉన్నవి ఉన్నట్టు ప్రచురించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అగ్నిమాపక ఉద్యోగి