ప్రాజెక్టు కాగితంలో 'అట' ఏమైంది?

సంపాదకుడికి,

మా బరంపురంలో తెలుగు మీడియం పిల్లలు కొందరు సాయంత్రాలు మా ఇంటికి చదువుకోవడానికి వస్తారు. మొన్న తొమ్మిదో తరగతి కుర్రాడొకడు పర్యావరణం ప్రాజెక్టు తెచ్చాడు. 'ప్లాస్టిక్ వల్ల ఋషికుల్య తీరానికి తాబేళ్లు రావడం మానేశాయి' అని మొదటి వాక్యం. ఎవరు చెప్పార్రా అంటే, "రావట్లేదట మాస్టారూ" అన్నాడు. నోటితో అన్న 'అట' కాగితం మీద మాయమైంది. అయినా పదికి తొమ్మిది మార్కులు!

ఋషికుల్య నది సముద్రంలో కలిసే ఆ తీరాన 2023లో ఆరు లక్షలకు పైగా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టాయని అటవీ శాఖ లెక్క. 2024లో గుంపులుగా రానేలేదు. 2025 ఫిబ్రవరిలో మళ్లీ దాదాపు ఏడు లక్షలు. ప్లాస్టిక్కే కారణమైతే, 2025లో అదంతా ఎక్కడికి పోయినట్టు? ప్లాస్టిక్‌ని వెనకేసుకు రావడం లేదు. తీరం కోత, సముద్రం తీరు, ఎండ వేడి, ఇలా దేన్నైనా అనుమానించవచ్చు. ఆ అనుమానం తీరాలంటే ఏ లెక్క చూడాలో పిల్లాడికి తెలియాలి కదా.

వాణ్ని ఇంటి వెనక చెరువు దగ్గరికి పంపాను. ఏడు రోజులు, రోజూ ఒకే వేళకి కొంగల్ని లెక్కపెట్టాడు. గుర్రపుడెక్క కమ్మిన వైపు తక్కువ కనిపించాయని రాసి, 'ఏడు రోజులే చూశాను, ఎప్పుడూ ఇంతేనని చెప్పలేను' అని చేర్చాడు. ఆ మాటకి నాకెంత ముచ్చటేసిందో! బడిలో మాత్రం పాయింట్లు చాలలేదని ఐదే మార్కులు వేశారు.

ఇది మార్కుల గొడవే అయితే ఉత్తరం రాసేవాణ్ని కాదు. తాబేళ్ల కోసం ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ఋషికుల్య ముఖద్వారం దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు చేపల వేట నిషేధం. ఆ ఏడు నెలలూ ఇబ్బంది పడేవాళ్లలో తెలుగు మాట్లాడే మత్స్యకారులు ఎందరో. నిషేధం ఉండాలన్నా, సడలించాలన్నా రేపు వాళ్ల పిల్లలు లెక్క చూపించి మాట్లాడగలగాలి.

అలాగని పిల్లల్ని రాత్రిళ్లు టార్చిలైట్లతో తీరానికి తోలవద్దు, గుడ్లు పెట్టే తాబేళ్లు బెదురుతాయి. ఊరి చెరువు చాలు. జిల్లా విద్యాధికారులు పర్యావరణం ప్రాజెక్టులో సగం మార్కులైనా పిల్లలు స్వయంగా చూసి రాసినదానికి కేటాయించాలి. విన్నది రాస్తే 'అట' అని రాయనివ్వాలి.

— ఒక విశ్రాంత సైన్సు మాస్టారు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా