ఇంజిన్ కంప్యూటర్‌ను దోషిగా తేల్చే ముందు

సంపాదకులు గారికి,

అయ్యా,

నేను 11 ఏళ్లుగా ఒకే పెట్రోలు వ్యాన్‌తో సరుకులు చేరవేస్తూ బతుకుతున్నవాడిని. కిందటి ఏడాది ఆ వ్యాన్ ఇంజిన్ కంప్యూటర్‌ను, అంటే ఇంధనాన్నీ స్పార్కునూ నియంత్రించే, మెకానిక్‌లు ఈసీఎం అనీ ఈసీయూ అనీ పిలిచే పెట్టెను, రెండుసార్లు మార్చవలసి వచ్చింది. మొదటిసారి అది నిజంగానే పాడైంది. రెండోసారి మార్చవలసి రావడానికి కారణం, మొదటిది ఎందుకు పాడైందని ఎవరూ అడగకపోవడం. అడగనివారిలో నేనూ ఉన్నాను. ఆ అనుభవంలో తెలుసుకున్నది ఇతర వ్యాన్ యజమానులకూ, మరమ్మతు చేసేవారికీ పనికొస్తుందని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇంజిన్ బాగా వేడెక్కాక మూడో సిలిండర్ మిస్ కొట్టేది, చల్లారితే సర్దుకునేది. కొన్నాళ్లకు చల్లగా ఉన్నప్పుడు కూడా ఆ సిలిండర్ పలకడం మానేసింది. కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే స్కానర్ పెడితే పి0303, పి0353 అనే కోడ్‌లు వచ్చాయి. మొదటిది మూడో సిలిండర్ మిస్‌ఫైర్‌ను, రెండోది మూడో ఇగ్నిషన్ కాయిల్ (స్పార్క్ ప్లగ్గుకు ఎక్కువ వోల్టేజీ అందించే చుట్ట) సర్క్యూట్‌లోని లోపాన్ని తెలిపే కోడ్. మెకానిక్ మూడో కాయిల్‌ను ఒకటో సిలిండర్‌పైకి, ఒకటోదాన్ని మూడోదానిపైకి మార్చి చూశాడు. ఒకటోది బాగానే నడిచింది, మూడోది చచ్చినట్టే ఉండిపోయింది. కాయిల్‌కు 12 వోల్టులు అందుతున్నాయని, అక్కడి నుంచి కంప్యూటర్ పిన్ను దాకా వైరు ఎక్కడా తెగలేదని, షార్ట్ కాలేదని నిర్ధారించుకుని, కంప్యూటర్ నుంచి రావలసిన పల్స్ మాత్రం రావడం లేదని ఆసిలోస్కోప్ (వోల్టేజీ మార్పులను గీతగా చూపే పరికరం) తెరపై నాకు చూపించాడు. లోపల ఆ కాయిల్‌ను స్విచ్చులా నడిపే ట్రాన్సిస్టర్ కాలిపోయిందన్న ఆయన నిర్ణయంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇంత పద్ధతిగా చూసేవారు నాకు ఎక్కువమంది తారసపడలేదు.

పొరపాటు ఆ తర్వాత జరిగింది. పరీక్షంతా చల్లటి ఇంజిన్ మీదే చేశారు. కాయిళ్లను మళ్లీ వాటి స్థానాల్లో బిగించి, వేరే కంప్యూటర్ పెట్టి వ్యాన్ అప్పగించారు. తొమ్మిదో రోజున అదే సిలిండర్ ఆగింది, అవే కోడ్‌లు వచ్చాయి. ఈసారి చూసిన మెకానిక్ ఇంజిన్‌ను అరగంట నడిపించి, ఆ వేడి మీదే నాలుగు కాయిళ్ల ప్రైమరీ చుట్ట (కంప్యూటర్ నడిపే చుట్ట) నిరోధం కొలిచాడు. మూడోదాని నిరోధం మిగతావాటిలో సగమే ఉంది. వేడికి చుట్టల మధ్య ఇన్సులేషన్ వదిలేసి కాయిల్ లోపలే షార్ట్ అవుతోంది. నిరోధం తగ్గిన కొద్దీ కరెంటు పెరుగుతుంది, ఆ పెరిగిన కరెంటును తట్టుకోలేక కంప్యూటర్‌లోని ట్రాన్సిస్టర్ కాలిపోతోంది. (కొన్ని వాహనాల్లో ఈ ట్రాన్సిస్టర్ కాయిల్‌లోనే ఉంటుంది, అప్పుడు నష్టం కాయిల్‌తోనే పోతుంది. నా వ్యాన్‌కు ఆ అదృష్టం లేదు.)

కాబట్టి కంప్యూటర్ పాడైందని రుజువు చేయడంతో పని పూర్తి కాదు. అది నడిపే ఇంజెక్టర్లు, కాయిళ్లు, రిలేలు, సోలినాయిడ్ వాల్వులు, వీటిలో కాలిన భాగానికి సంబంధించినదాన్ని వేడి మీద కొలిచి చూసేదాకా కొత్త పెట్టెను బిగించకూడదు. నీరు చేరి పాడైతే ఆ నీరు వచ్చిన దారిని ముందు మూయాలి. చాలా వ్యాన్లలో ఈ పెట్టె ఇంజిన్ గదిలోనో, ముందు అద్దం కింద వాననీరు జారే తొట్టి పక్కనో ఉంటుంది. అంతకంటే వింతైన దారి మరొకటి ఉంది: ఆయిల్ ప్రెజర్ స్విచ్చు వంటివి లోపల కారితే, ఆ నూనె వైరులోని రాగి పోగుల వెంట, దీపం వత్తిలో ఎక్కినట్టు, మెల్లగా పాకి కంప్యూటర్ కనెక్టర్‌లోకి చేరుతుంది. కనెక్టర్ విప్పినప్పుడు పిన్నుల మీద నూనె తడి కనిపిస్తే దాన్ని తుడిచేసి ఊరుకోవడం తగదు.

ఇదంతా కంప్యూటర్ నిజంగా పాడైన సందర్భం. నేను చూసినంతలో ఇంతకంటే తరచుగా జరిగేది దీనికి పూర్తిగా భిన్నమైనది: లోపం దొరకనప్పుడు, ఇక మిగిలింది ఇదొక్కటే కదా అని, ఏ పాపం ఎరుగని కంప్యూటర్ మీద నేరం మోపడం. దీనికి నేను మెకానిక్‌లను మాత్రమే నిందించను. తొందరపెట్టేది మేమే. అయినా కొన్ని కొలతలు తీయడానికి గంట కూడా పట్టదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు బ్యాటరీ 10 వోల్టుల కంటే బాగా కిందికి పడిపోతే కంప్యూటర్ వింతగా ప్రవర్తిస్తుంది, అది కంప్యూటర్ తప్పు కాదు. కంప్యూటర్‌కు వచ్చే కరెంటు, ఎర్త్ వైర్లను మల్టీమీటర్‌తో మాత్రమే చూసి బాగున్నాయనడమూ చాలదు. వైరులో పోగులన్నీ తెగి ఒక్కటే మిగిలినా మీటర్ 12 వోల్టులు చూపుతుంది, ఎందుకంటే మీటర్ దాదాపుగా కరెంటు తీసుకోదు. కంప్యూటర్ కనెక్టర్ విప్పి, ఆ వైర్ల మధ్య ఒక హెడ్‌లైట్ బల్బును పెట్టి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. బల్బు మసకగా వెలిగితే లోపం రిలే దగ్గరో, ఫ్యూజ్ పెట్టెలోనో, తుప్పు పట్టిన ఎర్త్ బోల్టు దగ్గరో ఉంటుంది. మరీ సన్నటి వైరైతే చిన్న బల్బు వాడాలి.

మూడు నాలుగు సెన్సర్ల కోడ్‌లు ఒక్కసారే వచ్చినప్పుడు పొరబడటం మరీ సులభం. ఎన్నో సెన్సర్లకు కంప్యూటరే 5 వోల్టులు సరఫరా చేస్తుంది, ఒకే సరఫరాను కొన్ని సెన్సర్లు పంచుకుంటాయి. వాటిలో ఒక్కటి షార్ట్ అయినా, దాని వైరు ఒరుసుకుని ఇంజిన్‌కు తగిలినా, ఆ 5 వోల్టులు పడిపోయి మిగతావన్నీ చెడిపోయినట్టు కనిపిస్తాయి. సెన్సర్ల ప్లగ్గులను ఒక్కొక్కటిగా పీకుతూ పోతే, దేన్ని పీకినప్పుడు 5 వోల్టులు తిరిగి వచ్చాయో అదే దొంగ. అన్నీ పీకినా, వైరింగ్‌ను వేరు చేసి చూసినా రాకపోతే, అప్పుడు కంప్యూటర్‌ను అనుమానించడం న్యాయం. అదే విధంగా, స్కానర్‌కు కంప్యూటర్ బదులివ్వడం లేదంటే అది చచ్చిపోయిందని అర్థం కాదు. క్యాన్ లైన్లు (కంప్యూటర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే రెండు వైర్ల జత) ఉన్న వాహనాల్లో సాధారణంగా, బ్యాటరీ తీసి 16 పిన్నుల స్కానర్ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య నిరోధం కొలిస్తే 60 ఓమ్‌లు రావాలి. 120 వస్తే లైను ఎక్కడో తెగింది, సున్నాకు దగ్గరగా వస్తే రెండు వైర్లు కలిశాయి. పి0601, పి0606 వంటివి కంప్యూటర్ తన లోపలి లోపాన్ని తానే చెప్పుకునే కోడ్‌లు. వాటికి విలువ ఎక్కువే గానీ, వోల్టేజీ పడిపోయినప్పుడు కూడా అవి అప్పుడప్పుడు నమోదవుతాయి గనుక, బ్యాటరీని సరిచేసి, కోడ్‌లను చెరిపి, మళ్లీ వస్తాయేమో చూడాలి.

మార్చక తప్పనప్పుడు సైతం, చూడటానికి ఒకేలా ఉన్న పెట్టె దొరికితే చాలదు. దాని మీది భాగం సంఖ్య, లోపలి సాఫ్ట్‌వేర్ సంఖ్య రెండూ సరిపోవాలి. వేరే పాత వ్యాన్ నుంచి తీసిన పెట్టెను పెడితే, ఇంజిన్ అందుకుని ఒకటి రెండు క్షణాల్లో ఆగిపోవడమో, అసలు అందుకోకపోవడమో జరుగుతుంది. తాళంచెవిని గుర్తించే ఇమ్మొబిలైజర్ దాన్ని ఒప్పుకోదు. పాత కంప్యూటర్ మెమొరీలోని సమాచారాన్ని కొత్తదానిలోకి ఎక్కించడమో, తగిన పరికరంతో జత చేయడమో చేయాలి. ప్రోగ్రామింగ్ జరుగుతుండగా బ్యాటరీ నీరసిస్తే కొత్త పెట్టె కూడా పనికిరాకుండా పోవచ్చు, అందుకే ఆ సేపంతా బయటి నుంచి నిలకడైన సరఫరా ఇవ్వాలి. డీజిల్ వ్యాన్లలోనైతే చాలావాటికి ఒక్కో ఇంజెక్టర్ మీద ముద్రించిన కోడ్‌ను కొత్త కంప్యూటర్‌కు విడిగా చెప్పాలి. ఈ పనులన్నీ తెలిసినవారు కానప్పుడు ఊరకే పెట్టె మార్చి చూద్దామనే ప్రయోగానికి ఒప్పుకోవద్దని తోటి యజమానులకు నా మనవి.

మరమ్మతు చేసేవారిని నేను కోరేది రెండే. కంప్యూటర్ పాడైందని చెప్పేటప్పుడు, ఏ పిన్ను దగ్గర ఎంత వోల్టేజీ వచ్చింది, ఏ భాగం నిరోధం ఎంత ఉంది అన్నది బిల్లు వెనకాలైనా రాసి ఇవ్వండి. పాత పెట్టెను యజమానికి తిరిగి ఇవ్వండి. వాహనాలు తయారుచేసేవారు కూడా వైరింగ్ చిత్రాలను, పిన్నుల వివరాలను బయటి మెకానిక్‌లకు సులభంగా అందనిస్తే ఊహల మీద జరిగే మార్పిళ్లు చాలావరకు ఆగుతాయి.

పాత పెట్టెను అడిగి తెచ్చుకోవడం నాకు కలిసివచ్చింది. రెండోది కూడా కాలిపోయాక, కాయిల్‌ను మార్చి, మొదటి పెట్టెను సర్క్యూట్ బోర్డులు బాగుచేసే ఒక నిపుణుడికి పంపాను. ఆయన కాలిన ట్రాన్సిస్టర్ ఒక్కటి తీసి కొత్తది టంకం పెట్టి తిరిగి పంపాడు. తాళంచెవి దాన్ని వెంటనే గుర్తుపట్టింది, ప్రోగ్రామింగ్ అవసరమే రాలేదు. ఇప్పుడు వ్యాన్ దానితోనే నడుస్తోంది.

ఇట్లు,
ఒక వ్యాన్ యజమాని