సంతకానికి ముందే చెప్పాల్సినవి

సంపాదకుడి గారికి,

పుట్టుచెవుడు ఉన్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ (శబ్దాన్ని కరెంటు సంకేతాలుగా మార్చి, లోపలి చెవిలో పెట్టిన ఎలక్ట్రోడ్ల ద్వారా వినికిడి నాడికి అందించే పరికరం) ఆపరేషన్‌ను ఆరోగ్యశ్రీలోనూ, వికలాంగులకు సహాయ పరికరాలు ఇచ్చేందుకు కేంద్రం నడిపే అడిప్ పథకంలోనూ చేర్చడం వల్ల, లక్షల ఖరీదైన ఆ పరికరం కూలీల ఇళ్లకూ చేరింది. మెచ్చుకోవాల్సిన పనే. అయితే ఆపరేషన్ రోజున తల్లిదండ్రుల చేత వేలిముద్ర వేయించుకునే కాగితంలో చాలాచోట్ల మత్తు, ఇన్ఫెక్షన్ల సంగతే ఉంటోంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఇంట్లో ఏం చేయాలో అందులో ఉండదు.

చర్మం కింద అమర్చే భాగం తొందరగా పాడవదు. ఇబ్బందంతా చెవి వెనక పెట్టుకునే ప్రాసెసర్ (శబ్దాన్ని సంకేతాలుగా మార్చే భాగం), కాయిల్ (ఆ సంకేతాలను చర్మం గుండా లోపలికి పంపే భాగం), కేబుల్, బ్యాటరీలతోనే. పిల్లలు లాగి ఆడటంతో కేబుల్ మడతపడే చోట లోపలి తీగ తెగుతుంది, పైకి కనపడదు. మన ఎండలకు కారే చెమట మైకులో చేరుతుంది. అందుకే రాత్రిపూట ప్రాసెసర్‌ను తేమను పీల్చే సిలికా జెల్ ఉన్న మూత డబ్బాలో పెట్టాలి. జెల్ రంగు మారితే మార్చాలి. వాడి పారేసే బ్యాటరీలైతే రెండు మూడు రోజులకోసారి కొనాల్సిందే. వారంటీ గడిచాక ఒక్క కేబుల్ కొనాలన్నా వేలల్లోనే ఖర్చు. డబ్బుల్లేక నెలల తరబడి డబ్బాలో పడి ఉన్న ప్రాసెసర్ వల్ల ఆ బిడ్డకు దక్కేదేమీ లేదు.

మ్యాపింగ్ సంగతి ఇంకా ముఖ్యం. గాయం మానాక, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాల్లో, ప్రాసెసర్‌ను ఆన్ చేస్తారు. ఏ ఎలక్ట్రోడ్‌కు ఎంత కరెంటు ఇస్తే వినపడుతుందో, ఎంత దాటితే బాధిస్తుందో కొలిచి అమర్చేదే మ్యాప్. మొదటి ఏడాదిలో దాన్ని పలుమార్లు సరిచేయాలి. తెలుగులో అర్థాన్ని తేల్చేవి మాట చివరి అక్షరాలే: వచ్చాడు, వచ్చింది, వచ్చారు, రాలేదు. మాట్లాడేటప్పుడు గొంతు దిగేదీ అక్కడే. మ్యాప్ కుదరకపోతే ఆ కొస బిడ్డకు అందదు, అప్పుడు చుట్టుపక్కల వాళ్లు ‘మందబుద్ధి’ అనేస్తారు. రోజూ పొద్దున్నే తల్లి బిడ్డ వెనక నిలబడి ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ఆరు ధ్వనులు పలికి చూస్తే చాలు, తేడా ఆరోజే తెలిసిపోతుంది. ‘స్’ ఒక్కటే అందడం లేదంటే మైకు తడిసిందేమో చూసుకోవాలి. బాగుపడకపోతే ఆడియాలజిస్టు (వినికిడి నిపుణుల) దగ్గరికి వెళ్లాలి. రెండు నిమిషాల ఈ పనిని డిశ్చార్జికి ముందే తల్లి చేత చేయించి చూడాలి.

ముందుగా చెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి. ఆపరేషన్ చేసిన చెవిలో మిగిలిన కాస్త వినికిడి కూడా పోవచ్చు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) ముప్పు ఉంది కాబట్టి న్యుమోకోకల్ టీకా తప్పనిసరి. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి ఎమ్మారై తీయాల్సి వస్తే ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పాలి.

అన్నింటికంటే బాధ కలిగించే విషయం, సైగలు నేర్పితే మాట రాదని తల్లులను భయపెట్టడం. స్నానం చేసేటప్పుడు, నిద్రలో, బ్యాటరీ అయిపోయినప్పుడు ఆ బిడ్డకు వినపడదు. మాట వస్తుందని అయిదేళ్లు ఎదురుచూసి, తీరా రాకపోతే చేతిలో ఏ భాషా ఉండదు. పోయిన ఆ ఏళ్లను ఏ యంత్రమూ తిరిగి తేలేదు. బధిరులకు తగిన భాషలో, తగిన పద్ధతిలో చదువు చెప్పాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్ చెబుతోంది. భారతీయ సైగల భాషా కేంద్రం నిఘంటువులో 2021 నాటికే పది వేల పదాలు చేరాయి. ఇంప్లాంట్ పెట్టినా పెట్టకపోయినా, చెవుడు నిర్ధారణ అయిన వారం నుంచే ఇంటిల్లిపాదికీ సైగలు నేర్పించాలి.

అంగీకార పత్రాన్ని తెలుగులో అచ్చువేసి, పైన చెప్పినవన్నీ అందులో చేర్చి, చదవలేని వారికి చదివి వినిపించి, ఆలోచించుకోవడానికి కనీసం వారం గడువివ్వాలి. కేబుళ్లు, కాయిళ్లు, బ్యాటరీలను పథకం ఖర్చులోనే కలపాలి. మ్యాపింగ్, స్పీచ్ థెరపీ జిల్లా కేంద్రాల్లోనే దొరకాలి. ఒక్క మ్యాపింగ్ కోసం రెండు రోజుల కూలి వదులుకుని హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే, మూడోసారికి ఆ కుటుంబం వెళ్లడం మానేస్తుంది.

— బధిర బాలల విద్య, వాక్ శిక్షణ రంగంలో పనిచేస్తున్న కొందరు ఉపాధ్యాయులు