పసిబిడ్డల మడమ రక్త పరీక్షల నిధి: 2024-25 జమా ఖర్చుల వివరణ

దాతలకు, మన లంక గ్రామాల వారికి నమస్కారం. పుట్టిన బిడ్డల్లో పైకి కనిపించని లోపాలను ముందే పట్టుకునే పరీక్షల కోసం పెట్టుకున్న ఈ నిధికి 2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 వరకు వచ్చినదీ, పోయినదీ ఇది.

పాత నిల్వ రూ. 38,400. ఇంటింటి చందాలు రూ. 2,16,500. కువైట్, ఖతార్, మస్కట్‌లలో ఉంటున్న మనవాళ్ళు పంపినది రూ. 3,10,000. డబ్బుకు బదులు కాయలిచ్చిన రైతుల నుంచి రెండు దింపుల్లో 6,000 కొబ్బరికాయలు వచ్చాయి. మొదటి 3,500 కాయలు వెయ్యి రూ. 9,500 చొప్పున, తర్వాతి 2,500 వెయ్యి రూ. 14,000 చొప్పున అమ్మితే రూ. 68,250 అయింది. బ్యాంకు వడ్డీ రూ. 6,320. మొత్తం జమ రూ. 6,39,470.

ఖర్చులో సగానికి పైగా ల్యాబు ఫీజే. 412 మంది బిడ్డలకు తలకు రూ. 850 చొప్పున రూ. 3,50,200. ఈ ధరకు నాలుగు చూస్తారు: థైరాయిడ్ లోపానికి టీఎస్‌హెచ్ అనే హార్మోను, మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి లోపానికి 17-ఓహెచ్‌పీ అనే హార్మోను, జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము లోపం), గాలక్టోసీమియా (పాలలోని చక్కెర ఒంటికి పడని జబ్బు). గ్రహణం మొర్రి, వంకర పాదం లాంటి కంటికి కనిపించే లోపాలను 2013 నుంచి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో చూస్తున్నారు కాబట్టి వాటికి మన డబ్బు పెట్టలేదు.

యాభై జబ్బులు ఒకేసారి చూసే పరీక్ష ఉందట కదా, అదెందుకు చేయించరని గల్ఫ్ దాతలు చాలామంది అడిగారు. ఉంది. మనకు చెప్పిన ధర దీనికి నాలుగు రెట్లు. పైగా అందులో తేలే కొన్ని జబ్బులకు కావలసిన ప్రత్యేక పాలపొడి మన దగ్గర దొరకదు, దొరికినా ఏళ్ళ తరబడి కొనాలి. థైరాయిడ్ మాత్ర ఏ మందుల షాపులోనైనా చవకగా దొరుకుతుంది. రెండు వారాల్లోపు మొదలుపెడితే బిడ్డ బుద్ధి ఎదుగుదల దెబ్బతినకుండా కాపాడవచ్చు. తేలాక చేయగలిగింది ఉన్నవాటికే ముందు ఖర్చు పెట్టాలని కమిటీ నిర్ణయం.

మాది మేనరికం కాదు, మాకెందుకు అన్నవాళ్ళూ ఉన్నారు. అడ్రినల్ లోపం, గాలక్టోసీమియా దగ్గరి సంబంధాల్లో ఎక్కువగా వస్తాయన్నది నిజమే. కానీ థైరాయిడ్ లోపం చాలావరకు ఏ చుట్టరికంతోనూ పనిలేకుండా వస్తుంది. జీ6పీడీ తల్లి వైపు నుంచి కొడుక్కి దిగుతుంది, తండ్రి ఎవరి బంధువైనా ఒకటే.

తిరిగి తీసిన నమూనాలు 27. వాటికి ల్యాబు సగం ధరే తీసుకుంది: రూ. 11,475. ఎందుకు పాడవుతాయో దాతలకు తెలియాలి. కాన్పయిన 48 నుంచి 72 గంటల మధ్య తీస్తే మంచిది. మొదటి 24 గంటల్లో టీఎస్‌హెచ్ సహజంగానే పైకి ఎగుస్తుంది, అప్పుడు తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపిస్తుంది. గోరువెచ్చని గుడ్డతో మడమ వెచ్చబెట్టి, స్పిరిట్ పూర్తిగా ఆరాక, మడమ పక్క భాగంలో గుచ్చాలి. నడిమధ్యన గుచ్చితే ఎముక తగిలే ప్రమాదం. లోతు 2 మిల్లీమీటర్లు మించకూడదు. మొదటి బొట్టు తుడిచేసి, తర్వాతి పెద్ద బొట్టును ల్యాబుకు పంపే, రక్తం పీల్చుకునే కాగితపు కార్డు మీది వలయానికి ఒక వైపు నుంచే తాకించాలి, రెండో వైపుకి అదే ఇంకి రావాలి. బొట్టు మీద బొట్టు వేసినా, రక్తం కోసం మడమ గట్టిగా పిండినా ల్యాబు తిప్పి పంపుతుంది. మడమ గుచ్చే లాన్సెట్లు 450, ఒక్కోటి రూ. 48, మొత్తం రూ. 21,600. వాడినవి 439, మిగిలినవి 11.

మన దగ్గర అసలు శత్రువు తేమ. కార్డును ఎండ తగలని చోట, అడ్డంగా, దేనికీ ఆనకుండా కనీసం మూడు నాలుగు గంటలు ఆరబెట్టాలి. వానాకాలంలో ఆ గంటలు చాలవు. తడి కార్డును కవర్లో పెడితే జీ6పీడీ ఎంజైము దెబ్బతిని, బాగున్న బిడ్డకూ లోపం ఉన్నట్టు వస్తుంది. తిరిగి తీసిన వాటిలో ఎక్కువ భాగం జూలై, ఆగస్టులవే. ఆరబెట్టే స్టాండ్లు, జిప్ కవర్లు, సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపే కార్డులకు రూ. 6,240. పొట్లం రంగు మారితే మార్చేయాలి, వేడిచేసి మళ్ళీ వాడుకునే పొదుపు ఇక్కడ వద్దు. స్పీడ్ పోస్టు, ఆర్టీసీ కార్గో కలిపి 104 కవర్లకు రూ. 7,800. శనివారం సాయంత్రం పోస్టులో వేస్తే ఆదివారమంతా సంచిలోనే ఉంటుంది కనుక వారాంతపు కవర్లన్నీ బస్సుకే వేశాం. గోదావరి పొంగి పంటు ఆగిన రోజుల్లో కార్డులు ఇవతలి ఒడ్డుకు పడవ మీదే వచ్చాయి.

ల్యాబు తిరిగి పిలవమన్న బిడ్డలు 23 మంది. పిలుపు వస్తే జబ్బున్నట్టు కాదు. నెలలు నిండని, బరువు తక్కువ బిడ్డల్లో 17-ఓహెచ్‌పీ ఊరికే ఎక్కువగా కనిపిస్తుంది. నరం నుంచి రక్తం తీసి చేసే నిర్ధారణ పరీక్షలు థైరాయిడ్‌కు 14 (ఒక్కోటి రూ. 700), జీ6పీడీకి 6 (రూ. 900), అడ్రినల్‌కు 3 (రూ. 1,400), మొత్తం రూ. 19,400. ఆ కుటుంబాల ప్రయాణాలకు రూ. 28,600. పరీక్షల కంటే ప్రయాణాలకు ఎక్కువైందేమిటని అడిగేవారికి: అడ్రినల్ లోపం తీవ్రంగా ఉన్న బిడ్డ రెండో వారంలోనే వాంతులతో, ఒంట్లో ఉప్పు తగ్గి ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. కబురందిన రోజే కారు మాట్లాడి పంపాల్సిందే. ఇంకో చిక్కు, పురుడు పుట్టింట్లో, కార్డు మీద రాసేది అత్తింటి చిరునామా, ఫోన్ నంబరు గల్ఫ్‌లో ఉన్న తండ్రిది. ఇప్పుడు అమ్మమ్మ ఇంటి నంబరూ, మేనమామ నంబరూ కూడా రాయించుకుంటున్నాం.

ఎవరి బిడ్డకు ఏం తేలిందో ఇక్కడ రాయం. చిన్న ఊళ్ళలో సంఖ్య చెప్పినా పేరు చెప్పినట్టే. జీ6పీడీ విషయం మాత్రం అందరికీ: బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన పాత చీరలను పొత్తిగుడ్డలకు వాడకండి. ఆ లోపం ఉన్న బిడ్డకు ఎర్ర రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతాయి.

గుండె లోపాల కోసం పసిబిడ్డల ప్రోబుతో (చర్మానికి తగిలించే భాగం) పల్స్ ఆక్సిమీటరు, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే యంత్రం, అదనపు ప్రోబు కలిపి రూ. 36,500. కరోనా నాటి వేలి క్లిప్పులు ఇందుకు పనికిరావు. 24 గంటలు దాటాక కుడి చేతికీ, ఒక పాదానికీ చూస్తారు. రెండూ 95 శాతం లేదా అంతకంటే ఎక్కువ ఉండి, తేడా 3 మించకపోతే సరే. ఏ ఒక్కటైనా 90 కంటే తక్కువైతే వెంటనే డాక్టరుకు చూపాలి. మధ్యలో ఉంటే గంటాగి మళ్ళీ చూడాలి. పాదం చల్లగా ఉంటే అంకె నిలవదు.

వినికిడి పరీక్ష యంత్రం కొనలేదు. వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్టు నెలకు రెండుసార్లు తన యంత్రంతో వచ్చారు, 24 సార్లకు రూ. 72,000. మొదటిసారి పాస్ కాని చాలామందికి కారణం చెవిలోని పుట్టుక జిగురే. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స అన్న లెక్క దాటకూడదు.

నర్సుల శిక్షణకు రూ. 8,500. కరపత్రాలు, బ్యాంకు చార్జీలు రూ. 5,310.

మొత్తం ఖర్చు రూ. 5,67,625. నిల్వ రూ. 71,845. ఇందులో రూ. 50,000 తిరిగి పిలిచే బిడ్డల పరీక్షలకూ ప్రయాణాలకూ మాత్రమే వాడాలని తీర్మానించాం, కొత్త యంత్రాలకు ఇందులోంచి తీయకూడదు. బిల్లులు, రసీదులు, కాయల కొట్టు చీటీలు నెల మొదటి ఆదివారం ఉదయం పంచాయతీ కార్యాలయంలో ఎవరైనా చూసుకోవచ్చు. బిడ్డల ఫలితాల ఫైలు మాత్రం తల్లిదండ్రులకే చూపిస్తాం.