ముందు క్లయింటు టైమ్ చూడండి

సంపాదకుడికి,

వర్క్ ఫ్రమ్ హోమ్ ఉద్యోగాలున్న మన విజయవాడ, గుంటూరు కుర్రకారు నెలా రెండు నెలలు విదేశంలో ఉండి పనిచేద్దామనుకుంటే ముందు టికెట్ ధర చూస్తారు, తర్వాత బీచ్ చూస్తారు. చూడాల్సింది క్లయింటు టైమ్.

న్యూయార్క్ క్లయింటుకు ఉదయం 9 నుంచి సాయంత్రం 5 అంటే, వేసవిలో మనకు సాయంత్రం 6.30 నుంచి రాత్రి 2.30. బ్యాంకాక్ వెళితే అదే షిఫ్టు రాత్రి 8 నుంచి తెల్లవారుజామున 4. నవంబరులో అమెరికావాళ్లు గడియారం వెనక్కి తిప్పాక ఇంకో గంట ఆలస్యం. పగలంతా కర్టెన్లు వేసుకుని పడుకోవడానికి అంత దూరం ఎందుకు? పోర్చుగల్‌లోని లిస్బన్‌లో అయితే మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10. లండన్ క్లయింటు ఉన్నవాళ్లకు మాత్రం బ్యాంకాక్ బ్రహ్మాండం: వేసవిలో పని మధ్యాహ్నం 3కి మొదలవుతుంది, ఉదయమంతా ఖాళీ.

తర్వాత వీసా. టూరిస్టుగా దిగి ల్యాప్‌టాప్ తెరిస్తే ఎవరు చూస్తారని కొందరు ఏజెంట్లు నూరిపోస్తున్నారు. అది నమ్మొద్దు. ఈ పనికే వేరే వీసాలున్నాయి. థాయిలాండ్ 2024లో తెచ్చిన డీటీవీ (డెస్టినేషన్ థాయిలాండ్ వీసా) అయిదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజులు ఉండొచ్చు. ఖాతాలో 5 లక్షల బాత్ చూపించాలి. మలేసియాలో ఇలాంటి పనికే ఇచ్చే డీఈ రంటావు పాస్‌కు ఐటీవాళ్లయితే ఏడాదికి 24,000 డాలర్ల ఆదాయం ఉండాలి. జపాన్ కూడా ఇలాంటి వీసా పెట్టింది కానీ దానికి అర్హత ఉన్న దేశాల జాబితాలో మన దేశం లేదు. థాయిలాండ్‌లో క్యాలెండర్ సంవత్సరంలో 180 రోజులు ఉంటే అక్కడి పన్ను లెక్కల్లోకి వచ్చేస్తామన్నది మరవకూడదు.

గది అడ్వాన్స్ కట్టేముందు ఓనర్‌ని స్పీడ్ టెస్ట్ స్క్రీన్‌షాట్ అడగండి. రాత్రి 9 ప్రాంతంలో, మీరు కూర్చునే టేబుల్ దగ్గరే తీసినదై ఉండాలి. రూటర్ హాల్లో ఉంటే గోడ దాటేసరికి సిగ్నల్ పడిపోతుంది. వీడియో కాల్‌కు అప్‌లోడ్ 5 ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. రిమోట్ డెస్క్‌టాప్ మీద, అంటే దూరంగా ఉన్న ఆఫీసు కంప్యూటర్‌ని నెట్‌లో తెరిచి పనిచేసేవాళ్లు స్పీడ్ కన్నా పింగ్, అంటే సిగ్నల్ వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం, చూసుకోవాలి. బ్యాంకాక్ నుంచి అమెరికా తూర్పు తీరానికి అది 200 మిల్లీసెకన్లు దాటుతుంది, కొట్టిన అక్షరం ఆగి ఆగి పడుతుంది.

బ్యాంకు ఓటీపీ కోసం ఇక్కడి సిమ్‌కు రోమింగ్ బయల్దేరకముందే ఆన్ చేయించుకోండి, డేటాకు అక్కడి ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే వేసుకునే సిమ్) వేసుకోండి. దుబాయ్‌లో వాట్సాప్ కాల్స్ పనిచేయవు. అక్కడా, మలేసియాలోనూ మన గుండ్రటి పిన్నుల ప్లగ్ పట్టదు, అడాప్టర్ కావాలి.

అన్నిటికన్నా పెద్ద తలనొప్పి కంపెనీ లాగిన్. చాలా కంపెనీల్లో వేరే దేశం నుంచి తెరవగానే అకౌంట్ లాక్ అవుతుంది. ఉన్న చోటును సొంత వీపీఎన్‌తో (వేరే చోటి నుంచి నెట్ వాడుతున్నట్టు చూపే సాఫ్ట్‌వేర్) దాచబోయి దొరికితే ఉద్యోగానికే ఎసరు. మేనేజర్ నోటిమాట పనికిరాదు, హెచ్‌ఆర్ నుంచి మెయిల్ తీసుకోవాలి. మంగళగిరి, గన్నవరం వైపు ఉన్న ఐటీ కంపెనీలు ఏ దేశాల నుంచి, ఎన్ని రోజులు పనిచేయనిస్తాయో సర్క్యులర్‌లో రాసి ఇస్తే ఈ దొంగచాటు వ్యవహారం చాలావరకు తగ్గుతుంది.

– ఒక ఐటీ ఉద్యోగి, లక్ష్మీపురం, గుంటూరు