మా యార్డులోని వోల్వో వి90 క్రాస్ కంట్రీ గురించి, టోకెన్ ఇచ్చే ముందు చదవండి

మా కస్టమర్లందరికీ నమస్కారం.

విశాఖ మర్రిపాలెంలోని మన సెకండ్ హ్యాండ్ కార్ల యార్డులోకి కొత్తగా ఒక వోల్వో వి90 క్రాస్ కంట్రీ వచ్చింది. 2018 మోడల్, డీజిల్, ఆటోమేటిక్, ఆల్ వీల్ డ్రైవ్. హైదరాబాద్‌లో ఒకే ఓనర్ చేతిలో తిరిగిన బండి. వాట్సాప్‌లో ఫొటోలు పెట్టిన దగ్గర్నుంచి ఫోన్లు ఆగడం లేదు. అడిగేవాళ్లలో కొందరు దీన్ని ఎస్‌యూవీ అనుకుంటున్నారు, కొందరు డిక్కీ పొడుగు చేసిన సెడాన్ అనుకుంటున్నారు. ధర చూసి "ఫార్చ్యూనర్ కంటే తక్కువకే వోల్వో వస్తోంది కదా, ఉంచండి, టోకెన్ పంపేస్తా" అన్నవాళ్లూ ఉన్నారు.

ఈ బండికి మాత్రం ఎవరి దగ్గరా ఫోన్ మీద టోకెన్ తీసుకోవడం లేదు. ఇది చాలా మంచి కారు, కానీ అందరికీ సరిపోయే కారు కాదు. రోజూ ఎంవీపీ కాలనీ నుంచి ద్వారకానగర్‌కి వెళ్లి రావడమే మీ పని అయితే దీన్ని మీకు అమ్మడం నాకు ఇష్టం లేదు. ఎందుకో వివరంగా చెబుతాను.

ముందు ఇదేం బండో చూద్దాం. వోల్వో వాళ్లు ఎస్టేట్ కారును (పైకప్పు డిక్కీ చివరిదాకా సాగే పొడుగు కారు) కొంచెం ఎత్తు పెంచి, నాలుగు చక్రాలకూ పవర్ ఇచ్చి, చుట్టూ నల్ల ప్లాస్టిక్ క్లాడింగ్ కట్టి అమ్మడం 1997లో వి70 ఎక్స్‌సీతో మొదలుపెట్టారు. స్వీడన్‌లో మంచు రోడ్లు, ఊరి బయట మట్టి దారులు ఎక్కువ. అక్కడివాళ్లకు సామాను పట్టాలి, దారి బాగోకపోయినా వెళ్లాలి, హైవే మీద మాత్రం కారులాగే నడవాలి. ఆ అవసరంలోంచి పుట్టిన బండి ఇది. మన దేశానికి వి90 క్రాస్ కంట్రీ 2017 జులైలో వచ్చింది. అప్పుడు షోరూమ్ ధర 60 లక్షలు. ఇప్పుడు మేం అందులో సగం కంటే తక్కువకే ఇస్తున్నాం. ఇంతగా ఎందుకు పడిపోయిందో కూడా చెబుతాను, దాచడానికేం లేదు.

నడపడంలో దీని గొప్పతనమంతా రెండు కొలతల్లో ఉంది. నేల నుంచి బండి అడుగు 210 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కానీ పైకప్పు ఎత్తు 1,543 మిల్లీమీటర్లే. ఫార్చ్యూనర్ 1,835. అంటే గుంటలకు, మన కాలనీల్లో ఎవరికి తోచినట్టు వాళ్లు పోసిన స్పీడ్ బ్రేకర్లకు కావలసిన ఎత్తు ఉంది, అయినా బరువంతా కిందే ఉంది. అరకు వెళ్తూ శృంగవరపుకోట దాటాక ఘాట్ ఎక్కేటప్పుడు ఇది బాగా తెలుస్తుంది. పెద్ద ఎస్‌యూవీలో మలుపు మలుపుకీ వెనక సీట్లో పిల్లలు ఒకవైపు ఒరిగిపోతారు. టైడా దాటేసరికి ఎవరో ఒకరికి కడుపులో తిప్పుతుంది. ఈ బండి ఒరగడం చాలా తక్కువ. మా ఇంట్లో ఘాట్ రోడ్డంటే భయపడే మా అమ్మగారు అనంతగిరి వరకూ కిటికీ తీయమని అడగకుండా కూర్చున్నారు. నాకు అంతకంటే పెద్ద టెస్ట్ రిపోర్ట్ అక్కర్లేదు.

ఇంజిన్ రెండు లీటర్లది, నాలుగు సిలిండర్లు, రెండు టర్బోలు (ఎగ్జాస్ట్ పొగతో తిరిగి ఇంజిన్‌లోకి ఎక్కువ గాలి నెట్టేవి). 235 హార్స్ పవర్, 480 న్యూటన్ మీటర్ల టార్క్ (లాగే బలం), ఆ టార్క్ కూడా 1,750 ఆర్‌పీఎం దగ్గరే వచ్చేస్తుంది. డీజిల్ టర్బో బండ్లలో యాక్సిలరేటర్ తొక్కగానే ఒక్క క్షణం ఏమీ జరగనట్టుండి, తర్వాత ఒక్కసారిగా లాగడం మీలో చాలామందికి అలవాటే. దీంట్లో ఆ ఆలస్యం పోగొట్టడానికి వోల్వో వాళ్లు ఒక పని చేశారు. చిన్న కంప్రెసర్ రెండు లీటర్ల ట్యాంకులో గాలిని నొక్కి ఉంచుతుంది. నిలబడ్డ చోటు నుంచి గట్టిగా తొక్కితే ఆ గాలి టర్బో ముందున్న ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోకి దూసుకెళ్లి, పొగ ఒత్తిడి కోసం ఎదురుచూడకుండానే టర్బైన్‌ను తిప్పేస్తుంది. దీన్ని పవర్‌పల్స్ అంటారు. హైవే మీద దీని ఉపయోగం పెద్దగా తెలియదు. హెయిర్‌పిన్ మలుపులో దాదాపు ఆగిపోయి మళ్లీ పైకి లాగాల్సినప్పుడు, ముందు సిమెంటు లారీ పాకుతూ ఉన్నప్పుడు తెలుస్తుంది. ఎనిమిది గేర్ల ఆటోమేటిక్ మెత్తగా మారుస్తుంది. తొందరపెడితే మాత్రం ఒక్కోసారి ఆలోచించుకుంటుంది.

బయట నిలబడి వింటే డీజిల్ శబ్దం స్పష్టంగానే ఉంటుంది. లోపల కూర్చుని అద్దాలు ఎత్తితే చాలావరకు మాయమవుతుంది. ఆనందపురం నుంచి అనకాపల్లి వైపు ఆరు వరసల రోడ్డెక్కి 90, 100లో పెట్టి వదిలేస్తే ఇంజిన్ ఉందా లేదా అన్నంత ప్రశాంతంగా వెళ్తుంది. ఆ వేగంలో లీటరుకు 14 దాకా ఇచ్చింది. ఊళ్లో సిగ్నళ్ల మధ్య 9కి దిగింది.

స్టీరింగ్ తేలిక. నడపడమంటే సరదా ఉన్నవాళ్లకు ఇంకొంచెం బరువు కావాలనిపిస్తుంది. డైనమిక్ మోడ్‌లో బరువు పెరుగుతుంది గానీ రోడ్డు చేతికి తెలియడం మాత్రం పెరగదు. మన దగ్గరున్న బండికి వెనక ఎయిర్ సస్పెన్షన్ ఉంది కాబట్టి డిక్కీ నిండా సామాను పెట్టినా వెనక కుంగిపోదు. చిన్న గతుకుల మీద హాయిగా ఉంటుంది. పదునైన అంచున్న గుంటలో పడితే పెద్ద చక్రాలు, పల్చటి టైర్లు కాబట్టి దెబ్బ లోపలికి వినిపిస్తుంది. ఎగిరి పడటం ఉండదు, శబ్దం ఉంటుంది.

ఇక ఆల్ వీల్ డ్రైవ్. ఎక్కువ అపోహలున్నది ఇక్కడే. మామూలుగా వెళ్లేటప్పుడు ఈ బండిని దాదాపుగా ముందు చక్రాలే లాగుతాయి. వెనక యాక్సిల్ దగ్గర ఆయిల్‌లో మునిగి ఉండే ఒక క్లచ్ ప్యాక్ ఉంటుంది. ముందు చక్రం జారబోతోందని కంప్యూటర్ పసిగడితే పంపు ఆ క్లచ్‌ను నొక్కుతుంది, పవర్‌లో సగం దాకా వెనక్కి వెళ్తుంది. వానలో, ఎర్రమట్టి కొట్టుకొచ్చిన మలుపులో బయటికి లాగేటప్పుడు వెనక నుంచి ఎవరో నెమ్మదిగా తోసినట్టు అనిపించేది అదే. పాడేరు, చింతపల్లి వైపు రోడ్డు పనులు జరిగే చోట్ల, లంబసింగి తెల్లవారుజాము మంచులో తడిసిన రోడ్డు మీద ఇది పెద్ద ధైర్యం.

కానీ ఇది జీపు కాదు. రాళ్ల దారుల్లో నెమ్మదిగా, బలంగా లాగడానికి జీపుల్లో ఉండే లో రేంజ్ గేర్లు లేవు. ముందు యాక్సిల్ మధ్య నుంచి వెనక యాక్సిల్ మధ్యకి 2.94 మీటర్లు, ముక్కు కూడా పొడుగు. కింద 210 మిల్లీమీటర్లు ఉన్నా, నిట్టనిలువు ర్యాంపు ఎక్కితే ముందు బంపరు తగులుతుంది. మిట్ట దాటితే నడుము తగులుతుంది. వ్యూ పాయింట్లకి జీపులు ఎక్కే రాళ్ల దారుల్లోకి దీన్ని తీసుకెళ్లకండి. ఇంకో ముఖ్యమైన సంగతి: ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికే సాయం చేస్తుంది, ఆపడానికి చేయదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకే ఉంటాయి. ఇది రెండు టన్నులకు కాస్త తక్కువ బరువున్న బండి. ఘాట్ దిగేటప్పుడు గేర్ లివర్ మాన్యువల్‌లోకి తీసుకుని ఇంజిన్ బ్రేకింగ్ వాడాలి, టైర్లు బాగుండాలి. ఆ టైర్లు కూడా నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే అరుగుదలతో ఉండాలి. రెండు కొత్తవి, రెండు పాతవి వేస్తే చక్రాల తిరుగుడులో తేడా వచ్చి వెనక క్లచ్ మీద భారం పడుతుంది. ఈ బండికి నాలుగూ మార్చే అమ్ముతున్నాం. కొన్నాక మీరూ అలాగే మార్చాలి. వెనక క్లచ్ ఆయిల్ మార్చడం, పంపు జల్లెడ శుభ్రం చేయడం చాలామంది మర్చిపోయే పని. అది మన షెడ్డులోనే చేశాం, ఫొటోలున్నాయి.

సిటీలో తిరిగేవాళ్లకు ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. ఈ డీజిల్ ఇంజిన్‌కు ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అదే అప్పుడప్పుడు కాల్చేసుకోవాలి. దానికి లోపల వేడి 600 డిగ్రీల దాకా చేరాలి. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆపే తిరుగుళ్లలో అంత వేడి రాదు. కాల్చడం మొదలై మధ్యలో ఆగిపోతుంది, అందుకోసం ఎక్కువగా చిమ్మిన డీజిల్ కొంత ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది, మసి పేరుకుంటుంది, వార్నింగ్ లైటు వెలుగుతుంది. ఆ ఫిల్టర్ మార్చాల్సి వస్తే బిల్లు లక్షల్లోకి పోతుంది. అదే విజయనగరం, శ్రీకాకుళం, రాజమండ్రి వైపు తరచుగా వెళ్లేవాళ్ల చేతిలో ఈ సమస్యే రాదు. హైవే మీద అది తనంతట తానే శుభ్రపడుతుంది.

ధర సంగతి. మన దేశంలో ఎస్టేట్ కార్లను జనం ఎప్పుడూ ప్రేమించలేదు. 1992లో టాటా ఎస్టేట్, తర్వాత ఇండిగో మెరీనా, ఆక్టేవియా కాంబీ వచ్చాయి, వెళ్లాయి. బెంజ్ కూడా 2018లో ఈ-క్లాస్ ఆల్ టెరైన్ అని ఇలాంటి డీజిల్ బండే 75 లక్షలకు తెచ్చింది. రోడ్డు మీద ఎన్ని చూశారో మీరే చెప్పండి. దానికి తోడు వోల్వో డీజిల్ కార్ల తయారీ 2024లో పూర్తిగా ఆపేసింది. కాబట్టి మీరు మళ్లీ అమ్మాలనుకున్నప్పుడు కొనేవాడు దొరకడానికి టైమ్ పడుతుంది. నాలుగైదేళ్లైనా ఉంచుకునే ఉద్దేశం ఉంటేనే కొనండి. ఇంజిన్ ఎక్స్‌సీ60, ఎక్స్‌సీ90 డీజిల్ కుటుంబానిదే కాబట్టి దాని పార్టుల గురించి నాకంత టెన్షన్ లేదు. డిక్కీ డోరు, వెనక అద్దం లాంటివి మాత్రం ఈ మోడల్‌కే ప్రత్యేకం. తగిలించుకుంటే తెప్పించడానికి వారాలు పడుతుంది. బంపర్ టు బంపర్ ఇన్సూరెన్స్ తప్పనిసరి అనుకోండి.

పొడుగు దాదాపు 4.94 మీటర్లు. మన అపార్ట్‌మెంట్ల సెల్లార్‌లో స్తంభాల మధ్య చోటు కొలుచుకుని రండి. సీట్లు అలాగే ఉంచితే డిక్కీ 560 లీటర్లు, వెనక సీట్లు మడిస్తే 1,526. పెళ్లి సామాను, కెమెరా పెట్టెలు, మెడికల్ క్యాంపు డబ్బాలు ఏవైనా పడుకోబెట్టి పెట్టొచ్చు. అంచు కిందే ఉంటుంది కాబట్టి ఎత్తి పెట్టే శ్రమ ఎస్‌యూవీలో కంటే చాలా తక్కువ. వెనక సీటు మధ్యలో మాత్రం నేల మీద పెద్ద దిమ్మ ఉంది. అయిదో మనిషికి కాళ్లు పెట్టుకోవడం కష్టం.

రుషికొండ, లాసన్స్ బే లాంటి సముద్రపు ఒడ్డు ఇళ్లవాళ్లకు ఒక మాట. క్లాడింగ్ వెనక ఉప్పు గాలి, మట్టి చేరి తుప్పు మొదలైతే పైకి కనబడదు. నెలకోసారైనా అడుగు భాగం నీళ్లతో కడిగించండి. ఈ బండి అడుగున ప్రస్తుతానికి తుప్పు లేదు, లిఫ్ట్ ఎక్కించి మీ కళ్లతో చూసుకోవచ్చు.

టైమింగ్ బెల్ట్ మారుస్తున్నాం, ఆ ఖర్చు మాదే. బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి కావలసిన తెలంగాణ ఎన్‌ఓసీ చేతికి వచ్చింది. ఆంధ్రాలో లైఫ్ టాక్స్, రిజిస్ట్రేషన్ ఖర్చు మాత్రం మా ధరలో కలపలేదు, అది మీరు కట్టాలి. ఎంతవుతుందో లెక్క వేసి కాగితం మీద ఇస్తాం.

టెస్ట్ డ్రైవ్ బీచ్ రోడ్డులో ఇవ్వం, అక్కడ ఏ కారైనా బాగానే ఉంటుంది. హనుమంతవాక మీదుగా ఆనందపురం హైవే ఎక్కి, తిరుగు దారిలో సింహాచలం ఘాట్ ఎక్కి దిగుదాం. రెండు గంటలు ఖాళీ పెట్టుకుని, వెనక కూర్చునే ఇంటివాళ్లను కూడా వెంట తెచ్చుకోండి. మీ మెకానిక్‌ని తెచ్చుకుంటే ఇంకా సంతోషం, స్కానర్ పెట్టుకోవడానికి కూడా అభ్యంతరం లేదు. బెల్ట్ పని శుక్రవారానికి అయిపోతుంది, శనివారం ఉదయం నుంచి బండి సిద్ధంగా ఉంటుంది. ముందు ఫోన్ చేసి టైమ్ చెప్పి రండి.