గుడి హార్మోనీ పెట్టె బాగుచేద్దాం: నూరేళ్ల పండుగకు విరాళాల విజ్ఞప్తి

సంఘస్థులకు, బతుకుతెరువు కోసం ఊరు దాటి గుంటూరు, హైదరాబాదు, గల్ఫు, అమెరికా చేరిన మన పిల్లలకు ప్రభువు నామమున వందనములు.

మన ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ చర్చి 1927లో ఏర్పడింది. అంటే 2027కి నూరేళ్లు. ఆ పండుగ మన ఊరి గుడిలో ఎలా చేసుకోవాలో మాట్లాడుకుందామని పోయిన నెల కమిటీ కూర్చుంది. మొదట వచ్చిన మాటలు మీరు ఊహించగలిగినవే: ఆర్చి, ఫ్లెక్సీలు, షామియానా, రెండు పూటల భోజనాలు, పెద్ద సౌండు. ఖర్చు లెక్క వేస్తుంటే స్త్రీల సమాజంలో పెద్దావిడ ఒకరు లేచి, "ఇంతా చేసి, ఆ రోజు కీర్తన ఎవరు ఎత్తుకుంటారు నాయనా?" అని అడిగారు. ఒక్కరం నోరు మెదపలేదు. ఫ్లెక్సీల లెక్క అక్కడితో ఆగింది.

పోయిన క్రిస్మస్ రాత్రి గుడిలో ఉన్నవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో తెలుసు. ఆరాధన మధ్యలో కరెంటు పోయింది. ఇన్వర్టరు రెండు నిమిషాలు మూలిగి అదీ ఆగింది. కీబోర్డు మూగబోయింది, రిథమ్ ప్యాడ్ కూడా. వాయిస్తున్న కుర్రాడి టెన్షన్ చూడాలి. అప్పుడు ఎవరో వెస్ట్రీలోంచి, అంటే గుడి పక్క గదిలోంచి, పాత హార్మోనీ పెట్టె మోసుకొచ్చారు. చుట్టిన దుప్పటి విప్పితే ఎలుకలు కొరికిన తిత్తి బయటపడింది. ఒక మనిషి చిరుగు మీద అరచెయ్యి అదిమి పట్టుకుంటే ఇంకొకరు వాయించారు. రెండు మెట్లు పలకలేదు. మరొకటి నొక్కకపోయినా ఆగకుండా కూసింది. అయినా కొవ్వొత్తుల వెలుగులో నాలుగు కీర్తనలు పాడాం. పాడాం అంటే, అరవై దాటినవాళ్లు పాడారు, మిగతావాళ్లం పెదవులు కదిపాం.

మన కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. చాలా పాటల తల మీద రాగం, తాళం పేర్లు ఉంటాయి: ఆనందభైరవి అనో, బిలహరి అనో, ఆది తాళం అనో. స్వరాలు ఉండవు. ఆ వరుస, అంటే పాట బాణీ, తెలిసినవాళ్ల నోట వినాల్సిందే. మన గుడిలో అది అమ్మమ్మల నోట మనవరాళ్లకు, కోత చేలోనో వడ్లు దంచుతూనో అందింది. ఇప్పుడు చేలో ఫోను పాడుతోంది. పిల్లలను తప్పు పట్టడం లేదు. వాళ్లు కీబోర్డు మీద బాగానే వాయిస్తున్నారు, శ్రుతి కుదరకపోతే ట్రాన్స్‌పోజ్ నొక్కేస్తున్నారు. నేర్పనిది మనమే.

లూథరన్ అన్న పేరు పెట్టుకుని పాటను వదిలేస్తే ఎలా? 1524లో జర్మనీలో అచ్చయిన మొట్టమొదటి లూథరన్ పాటల పుస్తకంలో ఉన్నవి 8 పాటలే. అందులో సగం మన శాఖకు పేరిచ్చిన మార్టిన్ లూథరు రాసినవే. గుడిలో పాట గాయకబృందానికీ లాటిన్‌కూ విడిచిపెట్టకుండా జనం తమ భాషలో పాడాలన్నది ఆయన పట్టుదల. అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో అడుగు పెట్టారు. మధ్యలో అమెరికా వెళ్లి వైద్యం చదువుకుని తిరిగొచ్చి, 1849లో మన పల్నాడుకు, గురజాలకు వచ్చారు. మిషనరీల వెంట జర్మన్ వరుసలూ ఇంగ్లీషు వరుసలూ వచ్చాయి, వాటినీ పాడుకున్నాం. కానీ ఒకే పుస్తకంలో వాటి పక్కనే ముఖారి, శంకరాభరణం రాగాలు కూడా చేరాయి చూడండి, అది మాత్రం మనవాళ్లు పెట్టిన సొత్తు.

ఇక పని సంగతి. గుంటూరు నుంచి హార్మోనియం బాగుచేసే ఆయనను పిలిపించి పెట్టె చూపించాం. చెక్క గట్టిదే అన్నారు. తిత్తి కొత్తది వెయ్యాలి, కొన్ని ఇత్తడి రీడ్లు (గాలికి కదిలి పలికే సన్నని రేకులు) మార్చాలి, మిగతావి శ్రుతి చెయ్యాలి. రీడు కొసన గీకితే శ్రుతి పెరుగుతుందట, మొదట్లో గీకితే తగ్గుతుందట. ఒక రీడు తీసి మా ముందే గీకి వినిపించారు. అంత సన్నని పని కాబట్టి తొందరపెట్టొద్దన్నారు, పెట్టం.

కాని పెట్టె బాగుచేయించి ఇప్పుడున్నట్టే ఉన్న గుడిలో పాడేవాళ్ల పక్కన పెడితే డబ్బు నీళ్లపాలే. క్వాయరు కూర్చునే వైపు మంగళూరు పెంకులు కదిలి వాన నేరుగా అక్కడే కారుతోంది. పోయినసారి ఈ పనికే ఒకాయనకు అడ్వాన్సు ఇచ్చాం. ఆయన పైపైన సిమెంటు పూసి వెళ్లారు, మొదటి వానకే ఊడింది. ఈసారి పని చూశాకే డబ్బు చేతికిస్తాం. ముందు పైకప్పు, తర్వాతే పెట్టె.

ఆ తర్వాత అసలైనది: వారానికి రెండు సాయంత్రాలు పిల్లలకు హార్మోనియం, తబలా, కీర్తనలు నేర్పే మాస్టారు, కనీసం ఒక ఏడాది పాటు. దాంతో పాటు మన పెద్దవాళ్ల చేత తెలిసిన వరుసలన్నీ పాడించి రికార్డు చేయించాలి. వాళ్లలో ఒకరు ఈ మధ్య మంచం పట్టారు. అందుకే ఈ పనికి విరాళాల కోసం ఆగలేదు, ఫోనుతోనే మొదలుపెట్టాం. పూర్తి చెయ్యడానికి మంచి మైకు కావాలి.

కుటుంబానికి 500 రూపాయలు అనుకున్నాం. అది గీత కాదు. ఎక్కువ ఇస్తే సంతోషం, 50 ఇచ్చినా రసీదు ఇస్తాం. డబ్బు సర్దుబాటు కానివాళ్లు కోత పండుగకు బస్తా వడ్లో, మిరపకాయల టిక్కీయో తెచ్చి వేలానికి పెట్టండి. మన వేలం సంగతి తెలిసిందేగా, ఒకే కోడిపుంజును కొన్నవాళ్లే తిరిగి గుడికి ఇచ్చేస్తే మూడుసార్లు అమ్ముతాం. భోజనాల ఖర్చు ఈ విరాళంలోంచి ఒక్క రూపాయి తియ్యం. అది పిడికెడు బియ్యం కానుకతో స్త్రీల సమాజం చూసుకుంటానంది.

విదేశాల్లో ఉన్నవారికి ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదనలోంచి పంపితే ఇబ్బంది లేదు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నాసరే, దయచేసి పంపకండి. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేని మన సంఘం ఆ డబ్బు ముట్టుకోకూడదు. మీరు ఇవ్వగలిగింది వేరే ఉంది: అమ్మ దగ్గర నేర్చుకున్న వరుస గుర్తుంటే పాడి పంపండి.

డబ్బు ట్రెజరరుగారి చేతికి గానీ, ఆదివారం ఆరాధన తర్వాత వెస్ట్రీలో గానీ ఇచ్చి రసీదు అడిగి తీసుకోండి. జమాఖర్చులు ప్రతి నెలా మొదటి ఆదివారం గుడి తలుపు పక్కన బోర్డు మీద అంటిస్తాం. శనివారం సాయంత్రం ఆరింటికి కీర్తనల సాధన మొదలుపెట్టాం, పెద్దవాళ్లను బండి మీద తీసుకొచ్చి దింపే కుర్రాళ్లు ఇద్దరు ముగ్గురు కావాలి.

సంఘ కమిటీ తరఫున,
కార్యదర్శి